మెట్ల కింద మెంతుల తలకాయ

ఏమోయ్, పుస్తకం పట్టుకున్న పెద్దమనిషీ! నిన్నే. అటూ ఇటూ చూడకు, నీ వెనకెవరూ లేరు. నా మొహం చూసి నవ్వొస్తోందా? నవ్వు నవ్వు. నీ ఆధార్ కార్డు మీద నీ మొహం ఎలా ఉందో ఓసారి తీసి చూసుకుని, ఆ తర్వాత నవ్వు.

నేను ఒక కాగితపు గుజ్జు తలకాయను. మండపేటలో వీర్రాజుగారింట్లో మెట్ల కింద ఉంటాను. ఆర్నెల్ల దినపత్రికలు నా తలలో ఉన్నాయి. అయినా ఒక్క ముక్క చదువు అబ్బలేదు. ఎలా అబ్బుతుంది, చదవకుండానే నానబెట్టేశారు!

నన్ను చేసింది వీర్రాజు భార్య సత్యవేణి. కాగితాలు మూడ్రోజులు నీళ్లలో నానేసి, మెంతిపిండి కలిపి, రోట్లో వేసి దంచింది. వాళ్లమ్మ ఇలాగే దంచి బుట్టలు చేసేదట. మెంతులు వేస్తే పురుగు పట్టదట. పురుగు పట్టలేదు నిజమే. కానీ ఎండబెట్టినప్పుడు కాకి వచ్చి నా ముక్కు సగం తినేసిపోయింది. దాని సంగతి ఎవరూ అడగరు.

ఇంతకీ సత్యవేణి చేద్దామనుకున్నది ఎవర్నో తెలుసా? వాళ్లమ్మని. ఆ తల్లికి ఒక్కటంటే ఒక్క ఫొటో ఉంది. సత్యవేణి పెళ్లిలో అందరూ వరసగా నిలబడి తీయించుకున్నది. అందులో సరిగ్గా ఆవిడ మొహానికి అడ్డంగా ఎవరో మహానుభావుడు అక్షింతలు వేస్తూ చెయ్యి చాపాడు. అందుకని ఈ పిల్ల (యాభై రెండేళ్లు, నాకు పిల్లే) తన జ్ఞాపకంలోంచి అమ్మని బయటికి తీద్దామని కూర్చుంది. కుండ బోర్లించి దానిమీద గుజ్జు మెత్తింది. కళ్లకి రెండు గవ్వలు గుచ్చింది. ఆరేసరికి గవ్వలు బయటికి పొడుచుకొచ్చాయి, నోరు తెరుచుకుంది, గడ్డం కింద ఒక సొట్ట మాత్రం అచ్చం అమ్మదే వచ్చింది. ఎడంవైపు నుంచి చూస్తే తల్లి. ఎదురుగా చూస్తే జడుసుకుంటారు. నా తప్పేముంది చెప్పండి?

ఇక ఆ మూల గురించి. ఆ ఇంట్లో వీర్రాజుకి వాలుకుర్చీ ఉంది. ఆయన తల్లి నాగరత్నమ్మగారికి అరుగుంది. టీవీకి బల్ల ఉంది, చివరికి చెప్పులకి కూడా ఒక స్టాండుంది. సత్యవేణికి మాత్రం నిలబడ్డ చోటే చోటు. మెట్ల కింద ఖాళీ ఉండేది కానీ, దాన్నిండా వీర్రాజు "పనికొస్తుంది" అని దాచిన సామాను. తిరగని కూలరు, స్కూటర్ అమ్మేశాక మిగిలిన స్టెప్నీ, ఎప్పుడో జరిగిపోయిన సన్మానం ఫ్లెక్సీ.

ఒక ఆదివారం వీర్రాజు పెళ్లికని రాజమండ్రి వెళ్లాడు. ఆయన తిరిగొచ్చేలోగా సత్యవేణి ఆ సామానంతా పెరట్లోకి చేర్చేసింది. గోడకి సున్నం కొట్టి, ఎర్రమట్టితో చుక్కలు పెట్టి ముగ్గేసింది. వాళ్లమ్మ పాతచీరలు ముక్కలు చేసి తనే కుట్టిన బొంత పరిచింది. వరికంకులు అల్లిన కుచ్చు ఒకటి వేలాడదీసింది. అన్నిటికీ మధ్య, గోడకి, నన్ను తగిలించింది. రోజూ మధ్యాహ్నం మూడింటికి వచ్చి నాకు ఎడంపక్కన కూర్చునేది. ఏం చేసేదని అడుగుతారు కదూ? ఏమీ చేసేది కాదు. ఊరికే కూర్చునేది.

ఆడమనిషి ఊరికే కూర్చుంటే ఆ ఇంట్లో ఎంత గోలయిందో చూడాలి మీరు.

"ఒంట్లో బాలేదేంటే?" అని మొదలెట్టాడు వీర్రాజు.

"బాగానే ఉందండి."

"మరి నా మీద కోపమా?"

"కాదండి."

"మరి ఎందుకు కూకున్నావు అక్కడ?"

ఈ మనుషులతో నాకు విసుగొచ్చేస్తుంది బాబూ. ఆయన వాలుకుర్చీలో పొద్దున్నించి సాయంత్రం దాకా ఎందుకు కూర్చున్నాడో ఎవరైనా అడిగారా?

మూడో రోజుకి వీర్రాజు ఎలక్ట్రీషియన్ సూరిబాబుని వెంటబెట్టుకొచ్చాడు. "ఇదిగోరా, ఇక్కడ ఇన్వర్టర్, ఆ పక్కన బ్యాటరీ. ఆ బొమ్మలాట సామానంతా తీసి అవతల పడెయ్" అన్నాడు. సత్యవేణి వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. చేతిలో గరిటె అలాగే ఉంది. సూరిబాబు నన్ను పీకడానికి చెయ్యి చాపాడు.

అప్పుడు అరుగు మీంచి నాగరత్నమ్మగారు లోపలికొచ్చారు. నన్ను చూసి ఒక్క కేక పెట్టారు.

"ఒరేయ్, ముట్టుకోకురా! అది దిష్టిబొమ్మరా సచ్చినోడా! ఒకసారి గోడకెక్కిన దిష్టిబొమ్మని కదిపితే, అది లాగిన దిష్టంతా కదిపినోడి నెత్తిమీద పడిపోద్ది!"

"బాబోయ్, నాకెందుకండీ, కొత్తగా పెళ్లయినోణ్ణి" అని సూరిబాబు టెస్టర్ కూడా వదిలేసి పోయాడు.

సత్యవేణి నోరు తెరిచింది. "అది మా అమ్మ" అనబోయింది. నేను చూశాను, పెదాలు కదిలాయి కూడా. మళ్లీ మూసుకుంది. అమ్మ అంటే మూల పోతుంది. దిష్టిబొమ్మ అంటే మూల నిలుస్తుంది. కన్నతల్లి మొహాన్ని దిష్టిబొమ్మ అంటుంటే గుటక మింగి ఊరుకోవడం ఎంత కష్టమో నాకు తెలీదు, నాకు గొంతు లేదు. ఆ మధ్యాహ్నం మాత్రం ఆవిడ కొంగుతో నా మొహం చాలాసేపు తుడిచింది.

అక్కణ్ణించి నా దశ తిరిగింది. నా మెడకి నిమ్మకాయలు, పచ్చిమిరపకాయలు కట్టారు. అవి ఎండి నా మీదే రాలుతుంటాయి, తుమ్ముదామంటే సగం ముక్కు కాకి తినేసింది. ఎదురింటి మంగతాయారు వచ్చి, "వేణక్కా, మా గృహప్రవేశానికి దీన్ని రెండ్రోజులు పంపుతావేంటి?" అని అడిగింది. వీర్రాజయితే నా ముందు నుంచి వెళ్లేటప్పుడు చెప్పులు విప్పి, తల దించుకుని, పక్కకి తిరిగి నడుస్తాడు. ఉన్నది పాత పేపరూ మెంతిపిండీరా బాబూ అని అరవాలనిపించేది. ఇంతమంది వెర్రివాళ్ల మధ్య నేనొక్కదాన్నే తెలివైనదాన్నని మురిసిపోయేదాన్ని. గర్వంతో గవ్వలు ఇంకాస్త పొడుచుకొచ్చాయి కూడా.

ఇలా నాలుగేళ్లు గడిచాయి. ఈ ఏడాది వీర్రాజు మేడమీద గది లేపాడు. స్లాబు పడగానే బుర్రలో వెలిగింది.

"అమ్మా, ఇంత పవర్ ఉన్న బొమ్మని మెట్ల కింద దాస్తే ఏం లాభం? పంతులుగారిచేత పూజ చేయించి కదిపితే దోషం లేదట. రేపు మేడకి వేలాడదీసేద్దాం."

నా గుజ్జు గడ్డకట్టింది. మేడ మీదా! ఒక్క వాన చాలు, నేను మళ్లీ నానిన పేపర్నయిపోతాను.

ఆ మధ్యాహ్నం సత్యవేణి అత్తగారి చెయ్యి పట్టుకుని నా దగ్గరికి తీసుకొచ్చింది. ఏడుస్తోంది.

"అత్తయ్యగారూ, నాలుగేళ్లు మిమ్మల్ని మోసం చేశానండి. ఇది దిష్టిబొమ్మ కాదు. మా అమ్మ."

నాగరత్నమ్మగారు నా గడ్డం కింద వేలు పెట్టి చూశారు. "తెలుసే వెర్రిమొహమా. మీ పెళ్లిలో మీ అమ్మ పక్కనే కూకుని భోంచేశాను. ఈ సొట్ట తెలీదా నాకు?"

"మరి ఆ రోజు అలాగ…"

"అది మీ అమ్మ అంటే నా కొడుకు వింటాడేంటి? దిష్టి అంటే వింటాడు."

"కదిపితే దిష్టంతా పడిపోద్దన్నారు, అది ఏ శాస్త్రంలో ఉందండీ?"

"నా నోట్లో ఉంది. నలభై ఏళ్లు కాపురం చేశానే, ఏడవాలన్నా గేదెల సావిట్లోకి పోయేదాన్ని. నీకైనా ఒక మూల ఉండాలనుకున్నాను. సర్లే, జరుగు." ఆవిడ మోకాళ్లు పట్టుకుని బొంత మీద కూలబడి, అక్కణ్ణించే కేకేశారు. "ఒరే వీర్రాజూ! ఇది ఆడ దిష్టిబొమ్మరా! మేడెక్కించావంటే ముందు నీ వాలుకుర్చీ విరుగుద్ది!"

"అలాగేనమ్మా, ఉండనీ, ఉండనీ!" అని వాలుకుర్చీలోంచి లేచి నిలబడ్డ చప్పుడు వినిపించింది.

అత్తాకోడళ్లు నాకు చెరోపక్కా కూర్చుని నోటికి కొంగులడ్డం పెట్టుకుని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నాలుగేళ్లుగా ఇల్లంతా నన్ను చూసే వణికిపోతోందనుకుని రాత్రీ పగలూ గుడ్లురుముతూ కూర్చున్నాను. తీరా చూస్తే వాళ్లు భయపడింది నా మొహానికి కాదు, ముసలమ్మ నోటికి!