అడగకుండా చెప్పిన మాట

నకిరేకల్‌లో కంప్యూటర్లు బాగుచేసే విజేందర్‌కు ఆ రోజు చేతినిండా పని. మధ్యాహ్నం రామన్నపేట నుంచి నిర్మలమ్మ ఫోన్ చేసింది. ఆమె ముప్పై ఏళ్లు ఊరూరా తిరిగి కాన్పులు చేసిన నర్సు. రిటైరయ్యాక అతని దగ్గరే పాత కంప్యూటర్ ఒకటి కొనుక్కుంది. అది మొదలు కావడం లేదనీ, తెర మీద ఏదో ఇంగ్లీషులో అడుగుతోందనీ చెప్పింది. విజేందర్ చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని, ఏమడిగినా 'సరే' అన్నదాన్నే నొక్కుకుంటూ పొమ్మన్నాడు. ఆమె చెప్పింది చెప్పినట్టే చేసింది.

గంట తర్వాత మళ్లీ ఫోన్. కంప్యూటర్ మొదలైంది గానీ తను రాసుకున్నవేవీ కనిపించడం లేదంది. ఏం రాసుకున్నారని అతను అప్పుడు అడిగాడు. తన చేతుల మీద పుట్టిన పిల్లల పేర్లు, తల్లుల పేర్లు, ఊళ్లు, తేదీలు. రెండేళ్లుగా ఊరికో ఫైలు పెట్టి, ఒక్క వేలితో కొట్టిందట. పాత నోటుబుక్కులకు చెదలు పట్టాయని అప్పటికే పారేసింది.

"నేనేమన్న తప్పు నొక్కిన్నా బిడ్డా?" అంది.

తను 'సరే' నొక్కమనడం వల్లే, రాసినవన్నీ దాచే డిస్కు తుడుచుకుపోయిందని అతనికి అర్థమైంది. అది పాతదైపోయిందంటే ఆమె నమ్మేది. ఆ మాట అతని నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"మీ తప్పేం లేదమ్మా. నేనే అడగకుంట చెప్పిన," అన్నాడు. "జర దాన్ని బంద్ చెయ్యుండ్రి. నేనొచ్చేదాంక ముట్టకుండ్రి."

దుకాణం మూసి బండి మీద వెళ్లాడు. డిస్కు విప్పి తెచ్చి మూడు రోజులు దానితోనే కూర్చున్నాడు. పదకొండు వందల పేర్లలో ఎనిమిది వందల చిల్లర దొరికాయి. మిగిలినవి ఇక రావని ఆమెకు ఎదురుగా కూర్చుని చెప్పాడు.  పోయిన పేర్లు ఏ ఊళ్లవో చెప్పమంది నిర్మలమ్మ.

ఆ ఊళ్లకు ఆమె బస్సుల్లో తిరగడం మొదలుపెట్టింది. నెలకోసారి నకిరేకల్ వచ్చి, కొత్తగా దొరికిన పేర్లు విజేందర్ దుకాణంలోనే కొట్టి, అతని ఎదుటే పెన్‌డ్రైవ్‌లోకి నకలు తీసుకునేది. ఒకసారి మునిపంపుల ఊరి నుంచి వచ్చినప్పుడు గుర్వమ్మ సంగతి చెప్పింది. ముగ్గురు పిల్లల తేదీలూ చెప్పి, పుట్టిన రోజే పోయిన నాలుగో బిడ్డనూ రాయమందట ఆ తల్లి. పేరు పెట్టలేదు మరి, అక్కడ ఏం కొట్టాలని నిర్మలమ్మ అడిగింది.

విజేందర్ చేతిలోని పని పక్కన పెట్టాడు.

"ఆమె ఏమని యాది చేసుకుంటదో అడుగుండ్రి," అన్నాడు.

నిర్మలమ్మ అక్కడి నుంచే గుర్వమ్మకు ఫోన్ చేసి, ఫోన్ పెట్టేశాక, చిన్నోడు అని కొట్టింది.