కొండమీద ఉలవలు

అంచు విరిగిన బీకరును ఎల్లప్ప మూడోసారి బూడిదతో తోమి, కిటికీ వెలుతురుకు ఎత్తి చూశాడు. యుద్ధం వచ్చిన దగ్గర్నుంచి గాజుసామాను కడిగే సోడా రావడం మానేసింది. యుద్ధం ముగిసింది గాని సోడా రాలేదు. ఇంటి పొయ్యిలో బూడిద జల్లించి తెచ్చుకోవడం అలవాటైపోయింది. చిత్తూరులోని ఆ హైస్కూలు సైన్సు గదికి ఇరవై ఆరేళ్లుగా అతనే అటెండరు. ఎముకలు తేలిన పొడుగాటి మనిషి, వేళ్ల నిండా యాసిడ్ చుక్కలు పడిన మచ్చలు. నాలుగడుగులు వేస్తే ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. ఈ నెలాఖరుకు ఉద్యోగం అయిపోతుంది.

చదివింది రెండో తరగతి, విన్నది ఇరవై ఆరేళ్ల పాఠాలు. విన్నదాన్ని కడుపులో దాచుకునే రకం కాదు. తప్పు ఎవరి నోట వచ్చినా సరే, గది వెనక నుంచి ఒక దగ్గు వినిపిస్తుంది. ఆ దగ్గుకు అర్థం సైన్సు మాస్టరు గంగాధరానికి బాగా తెలుసు. అందుకే రోజూ పొద్దున్నే ఏదో ఒకటి అడిగి అతన్ని ఓడించాలని చూసేవాడు.

"ఎల్లప్పా, గబ్బిలం పక్షా, జంతువా?"

"పాలిచ్చేది పక్షి ఎట్లయితాది సార్?"

"అయితే గుడ్లూ పెట్టి పాలూ ఇచ్చేదాన్ని ఏమంటావు?"

ఎల్లప్ప బీకరు కింద పెట్టాడు. "అది ఆస్ట్రేలియాలో ఉండాదని మీరే జెప్పినారు. ఆ దేశమోళ్లనే అడగాల."

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని మాస్టరు నవ్వుకుంటూ పాఠానికి దిగాడు. నీళ్లు ఎన్ని డిగ్రీలకు కాగుతాయంటే పిల్లలంతా నూరని అరిచారు. వెనక నుంచి దగ్గు వచ్చింది. నూరన్నది సముద్రపు ఒడ్డున మాట, చిత్తూరు గట్టు మీద ఉంది కాబట్టి ఇక్కడ తొంభై తొమ్మిదే అని ఎల్లప్ప వాదన. కాగే నీళ్లలో పెట్టిన థర్మామీటరూ ఏటా అతని పక్షానే సాక్ష్యం చెప్పేది. పరీక్షలో మాత్రం నూరే రాయండి, ఎల్లప్పకు మార్కులు వేసే అధికారం లేదని మాస్టరు అంటే పిల్లలతో పాటు ఎల్లప్ప కూడా నవ్వాడు.

కానీ ఆ ఒక్క డిగ్రీ అతనికి నవ్వులాట కాదు.

ఎల్లప్ప నాయన తిరుమల కొండకు డోలీ మోసేవాడు. కాపురం కొండమీదే, గుడిసెలో. భుజాలు వాచి వచ్చిన మనిషికి ఆకలి ఆగేది కాదు. అమ్మ ఉలవలు పొయ్యి మీద పెట్టి ఎంతసేపు ఊదినా పలుకు పోయేది కాదు. స్వామికి మొక్కకుండా పొయ్యి ముట్టిస్తున్నావు, అందుకే ఉడకడం లేదని నాయన కుండను కాలితో తన్నేవాడు. అమ్మ ఆ మాట నమ్మింది. కర్పూరం వెలిగించి, లెంపలు వేసుకుని, ఆ తర్వాతే పొయ్యి ముట్టించేది. అయినా పలుకు పోలేదు. దిగువ తిరుపతిలో చెల్లెలింటికి పోయినప్పుడు అదే అమ్మ అవే ఉలవలు పెడితే మెత్తగా ఉడికేవి. ఎందుకని ఏడేళ్ల ఎల్లప్ప అడిగితే వీపు మీద ఒకటి పడింది. తనలోనే ఏదో పాపం ఉందనుకుంటూ అమ్మ కన్నుమూసింది.

ఈ గదిలో చేరిన మొదటి ఏడే, పైకి పోయేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే కాగుతాయని, అందుకే కొండల మీద గింజలు త్వరగా ఉడకవని పాఠం విన్నాడు. చేతిలోని ఫ్లాస్కు జారి పగిలింది. గాజుముక్కలు ఏరుతూ ఏడుస్తుంటే వేలు తెగిందేమో అనుకున్నారు అందరూ.

అప్పట్నుంచీ ఒకటే కోరిక. అమ్మ పొయ్యి ఉన్న చోట నీళ్లు కాచి, థర్మామీటరు ముంచి, ఆ అంకెను తన కళ్లతో చూడాలి. అమ్మ తప్పు కాదని అక్కడే నిలబడి అనుకోవాలి. థర్మామీటరు ఇమ్మని ముగ్గురు హెడ్మాస్టర్లను అడిగాడు, ముగ్గురూ వద్దన్నారు. ఇప్పుడైతే కొండకు బస్సు పడి రెండేళ్లయింది, నడిచి ఎక్కే పని లేదు. నెల దాటితే మాత్రం ఈ గది మీద అతనికి ఏ హక్కూ ఉండదు. అందుకే పొద్దున్నే తువ్వాలు కొంగున గుప్పెడు ఉలవలు కట్టుకున్నాడు. కొండకు పోయేవాళ్లు టెంకాయ తీసుకుపోతారు గాని ఉలవలు తీసుకుపోతారా అని భార్య దేవకమ్మ ఎగతాళి చేసింది.

అడగందే అమ్మయినా పెట్టదని, మధ్యాహ్నం హెడ్మాస్టరు మునిరామయ్య ముందు నిలబడ్డాడు. ఆయన చెడ్డవాడు కాడు, రిజిస్టరు మనిషి. ఉన్నది ఒక్క థర్మామీటరు, పగిలితే ఇంకొకటి వచ్చే దారి లేదు, గది దాటి పోరాదని రాసి ఉంది. కొండమీద ఎంతకు కాగుతాయో పుస్తకంలో ఉండనే ఉంది, అది చూసుకొమ్మన్నాడు.

"పుస్తకం మా యమ్మ పొయ్యిని సూళ్లేదు సార్," అన్నాడు ఎల్లప్ప.



ఆ మాట గుమ్మం దగ్గరున్న గంగాధరం చెవిన పడింది. గదికి తిరిగొచ్చాక ఎల్లప్పను అడిగి సంగతంతా విన్నాడు. ఇన్నేళ్లు ఒక్క డిగ్రీ కోసం అతన్ని ఆటపట్టించినందుకు సిగ్గుపడ్డాడు. రిజిస్టరులో పాఠం కోసమని తన పేరు రాసి, థర్మామీటరున్న అట్టగొట్టం ఎల్లప్ప చేతిలో పెట్టాడు.

"సాయంత్రం తిరుపతి బండికి పో. సోమవారం తెచ్చి పెట్టు. తొంభై ఏడొస్తే నిన్ను సార్ అని పిలుస్తా. నూరొచ్చిందా, నా క్లాసులో ఇంక దగ్గేది లేదు."

"తొంభై ఏడుకు రవంత పైన సార్, సరింగా జెప్పాలంటే," అన్నాడు ఎల్లప్ప.

మాస్టరు వేరే క్లాసుకు వెళ్లాడు. ఎల్లప్ప మిగిలిన గాజుగొట్టాలు కడిగి బోర్లించి, కిటికీ పక్క ముక్కాలి పీట మీద కూర్చున్నాడు. పక్కనే చిన్న తపేలా, ఉలవల మూట. ఛాతీ బిగపట్టినట్టుంది. ఇట్లాంటివి ఎన్ని చూడలేదు, బండెక్కితే సర్దుకుంటుందనుకున్నాడు.

చివరి గంట కొట్టాక గంగాధరం వచ్చి, బండికి టైమయిందన్నాడు. ఎల్లప్ప గోడకు ఆనుకుని ఉన్నాడు. ఒడిలో రెండు చేతుల మధ్య అట్టగొట్టం భద్రంగా ఉంది. మాస్టరు దగ్గరికి పోయి వంగి చూశాడు. తర్వాత కావాలనే, మెల్లగా అన్నాడు.

"నీళ్లు ఎక్కడైనా నూరు డిగ్రీలకే కాగుతాయి, ఎల్లప్పా."

దగ్గు రాలేదు.

మునిరామయ్య వచ్చి అట్టగొట్టం విప్పి చూసి, పగల్లేదని బీరువాలో పెట్టించాడు. ముఖం మీద కప్పడానికి ఇంకో గుడ్డ దొరక్క, గంగాధరం ఎల్లప్ప తువ్వాలు ముడి విప్పి, అందులోని ఉలవలు చేతికందిన బీకరులో పోశాడు. దేవకమ్మ ఏడుస్తూ శవాన్ని ఎక్కించిన ఎద్దుబండి వెనకే నడిచింది, తపేలా ఆమె చంకలో ఉంది. థర్మామీటరుకు ఎదురుగా రిజిస్టరులో తిరిగి వచ్చినట్టు సంతకం పడింది. ఉలవలకు రిజిస్టరు లేదు. కిటికీ గట్టు మీద, ఆ పొద్దున మూడుసార్లు తోమిన అంచు విరిగిన బీకరులో, గుప్పెడు ఉలవలు పచ్చివి పచ్చిగానే ఉండిపోయాయి.