నలభై డిగ్రీల దాకా

కరిగిన గాజును ఇత్తడి పలక మీద పోసి, దానం రెండో పలకతో అదిమాడు. చిటికెడు రాగి ఆక్సైడుకే అది నీలమెక్కింది. ముప్పై ఏళ్లుగా అమలాపురం కాలేజీ ఫిజిక్సు లాబులో ఆయన అటెండరు. పట్టకారు పట్టి పట్టి కుడి అరచెయ్యి కాయలు కాసింది, వేడికి కనుబొమలు సగం ఊడిపోయాయి.

బిళ్లను నాలుగువందల డిగ్రీల ఫర్నేసులో పెట్టి తలుపు మూశాడు. ఒంటిగంట నుంచి పావుగంటకు పదిహేను డిగ్రీల చొప్పున చేత్తోనే డయలు తిప్పుతూ వేడి దింపాలి. తొందరపడితే బిళ్ల ముక్కలవుతుంది.

లెక్చరర్ వీరవేణి ఇప్పటికే రెండుసార్లు తొందరపడింది. గాజులో రాగి పరమాణువు చుట్టూ ఎవరెవరు ఎలా సర్దుకు కూర్చున్నారో వాల్తేరులోని స్పెక్ట్రోమీటరు చెబుతుంది. దాని దగ్గర ఆమె వంతు రేపే. తప్పితే ఆర్నెల్లు ఆగాలి. మిగిలిన రసాయనం ఈ ఒక్క బిళ్లకే సరిపోయింది.

ఈ రోజే, ఎనభై రెండు మార్చి ఆఖరున, దానం రిటైరవుతున్నాడు. నాలుగింటికి హాల్లో సభ. వేళవుతుంటే వీరవేణి వచ్చి, డయలు తను చూసుకుంటానంది. దానం నవ్వాడు.

"మీ చెయ్యి ఆగదండి, మేడంగారూ. రెండు బిళ్లలు చూసేను కదండీ."

"సభ మీకోసమేనండి. మీరు లేకపోతే ఎలాగండి?"

"నేను లేకపోయినా అది అయిపోద్దండి. ఇది అవ్వదు. మీరెళ్లి నాలుగు మంచిమాటలు చెప్పండి, ఆయ్."

ఆయనకు బాధేమీ లేదు. పైగా గర్వంగానే ఉంది. ఈ పని తన చేతికి తెలిసినట్టు కాలేజీలో ఇంకెవరికీ తెలియదు.

వీరవేణి ఖాళీ కుర్చీకేసి చూస్తూ మాట్లాడింది. సభయ్యాక ఇంటికెళ్లి పెట్టె సర్దుకుని, రాత్రి బస్సెక్కే ముందు, ఆయనకివ్వాల్సిన శాలువాతో లాబుకొచ్చేసరికి ఏడుంబావు. దానం అప్పుడే కాట్రేనికోన బస్సుకు వెళ్లిపోయాడని వాచ్‌మన్ చెప్పాడు. బల్ల మీద దూదిలో బిళ్ల చెక్కుచెదరకుండా ఉంది. దాన్ని చూసి ఆమెకు ఏడుపొచ్చింది.

డయలు పక్కన పెన్సిలుతో రాసిన కాగితముంది. పావుగంటకో అంకె, ఎక్కడా తప్పలేదు. ఏడింటికి నలభై, "తీసేను" అని ముగించాడు. హాల్లో మైకులో ఆయన పేరు పిలిచిన నాలుగుంబావుకు ఎదురుగా, గుండ్రటి అక్షరాల్లో, రెండువందల అయిదు అని ఉంది.