నిండుకుంది

పొద్దున నంద్యాల బండి వెళ్ళిపోయాక చెంచమ్మ దుకాణం తలుపులు తీస్తుంది. గడప మీద నీళ్ళు చల్లి, గల్లా పెట్టెకు ఊదొత్తి చూపించి, దాని వెనక బాసింపట్టు వేసుకుని కూర్చుంటుంది. ఇక గిద్దలూరు స్టేషన్ రోడ్డులో ఎవరొచ్చి ఏ సరుకు అడిగినా ఆమె నోట రెండే మాటలు. ఉంటే "ఉంది". అయిపోతే "నిండుకుంది".

మన ఇళ్ళల్లో బియ్యమో పసుపో అయిపోతే అట్లాగే అంటాం కదా. చెంచమ్మ మాత్రం సబ్బులకూ అగ్గిపెట్టెలకూ కూడా అదే మాట అంటుంది. ఏం చేస్తుంది పాపం? ఆ గల్లా దగ్గర కూర్చున్న మనిషి ఏది లేదంటే అది ఉండదు. ఆమె మామ గురుస్వామి ఒకసారి ఎవరికో "చిల్లర లేదు" అన్నాడు. పెట్టె తీస్తే నాణెమన్నది కనబడలేదు. ఇంకోసారి విసుగ్గా "తీరిక లేదు" అన్నాడు. పోయేదాకా ఆయనకు తీరికే దొరకలేదు. ఊళ్ళో దీన్నెవరూ వింతగా చూడరు. ఒక్కో దుకాణానిది ఒక్కో పద్ధతి.

కోడలు ప్రియదర్శినిది ఒంగోలు. కాపురానికొచ్చి ఏడాది తిరగకముందే గల్లా పక్కన ఒక ఫోను నిలబెట్టింది. వాట్సాప్‌లో ఎవరేమడిగినా దానంతటదే జవాబు చెప్తుందట, సరుకు అమ్ముతుందట, ఫిర్యాదులు కూడా వింటుందట.

"ఎవురుండారు దాంట్లో?" అంది చెంచమ్మ.

"మనిషి కాదత్తయ్యా, ఏఐ. మనం నేర్పిందే చెప్తుంది."

"మడిసి కాకపోతే మరింకేంది? రేపు నోరు జారి ఆ మాట అంటే?"

"అనదు. నేను చూసుకుంటాగా."

చూసుకుంటానన్న మాటే చెంచమ్మకు ముల్లులా గుచ్చుకుంది. గల్లా పక్కన ఫోను, ఫోను పక్కన కోడలు, ఇక తనెందుకు? నేర్పడానికని కోడలు తన మాటలన్నీ రికార్డు చేస్తుంటే, తనను కొంచెం కొంచెంగా అందులోకి తోడేస్తున్నారనిపించేది. ఫోను టింగుమన్న ప్రతిసారీ ఉలిక్కిపడేది. కొడుకు మహేంద్రతో రోజూ అదే పోరు.

"నీ పెండ్లాం నన్ను గల్లా మీంచి లేపాలని చూస్తాంది. అదన్నా ఉండాల, నేనన్నా ఉండాల."

వినీ వినీ విసిగిపోయిన మహేంద్ర, ఒంగోల్లో వేరు కాపురానికి ఇల్లు చూశాడు. ఇద్దరూ సాయంత్రం బయల్దేరతారనగా, మధ్యాహ్నం చంద్రశేఖరపురం నుంచి రంగయ్య ట్రాలీ ఆటో తెచ్చి దుకాణం ముందు ఆపాడు.

"అక్కా, బెల్లం ఎత్తియ్యి. తిరనాళ్ళ అన్నదానానికి."

"బెల్లం నిండుకుంది గదా తమ్ముడూ!"

"నీ ఫోను ఇంకో రకంగా చెప్పిందే. నిండుగా ఉందండీ, ఎంత పంపమంటారని అడిగి మరీ రాసుకునింది. ఊర్లో పొయ్యిలు తవ్వి కూచున్నారు. నీ మాటని నమ్మి వచ్చినా. నేనిప్పుడు ఏం మొగం పెట్టుకోని పోవాల?"

చెంచమ్మకు ఒళ్ళు మండిపోయి, పక్కనున్న కొడుకు వైపు తిరిగింది. "చూసినావా, చూసినావా! కావాలనే చేసింది. నా మాట పోగొడితే గల్లా తనదైతాదని!"

బ్యాగుతో సహా బయటికొచ్చిన ప్రియదర్శిని కళ్ళు తుడుచుకుంది.

"ఆ మాట మీదే అత్తయ్యా. బెల్లం నిండుకుందని మీరన్నదే దానికి నేర్పా. అది నిజంగానే నిండుగా ఉందనుకుంది."

"లేదు అని రాయొచ్చు గదమ్మా," అన్నాడు రంగయ్య.

"గల్లా పక్కనే ఉంటుంది కదా బాబాయ్. దాని నోట ఆ మాటొస్తే దుకాణంలో ఏం మాయమవుతుందోనని భయమేసింది. అందుకే అత్తయ్య ఎలా అంటే అలాగే అనమన్నాను."

ఈ పిల్ల కూడా తనలాగే నోరు కట్టుకుని దుకాణాన్ని కాపాడిందన్నమాట. చెంచమ్మకు సిగ్గేసింది. అయినా లోపల ఒక మూల, ఇదీ నాటకమేమో అనిపిస్తూనే ఉంది. తెలిసినంత మాత్రాన పోతే అది అనుమానం ఎందుకవుతుంది? ఈ రోజు ఊరుకుంటుంది, రేపు ఇంకోటి వెతుక్కుంటుంది. తన సంగతి తనకు తెలుసు. తల ఎత్తకుండా నిలబడ్డ కొడుకును చూస్తే, తన మీద తనకే భయమేసింది.

గల్లా పెట్టె మీద చెయ్యి వేసి, సర్దుకుని కూర్చుంది.

"ఈ పిల్ల మీద నాకు అనుమానం లేదు," అంది.

రంగయ్య బిత్తరపోయి మెడలో తువ్వాలు పట్టుకున్నాడు. మహేంద్ర గబగబా అరల వైపు చూశాడు. డబ్బాలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. పెట్టె కదిపితే చిల్లర కూడా గలగలమంది.

చెంచమ్మ కోడలి వైపు చూసింది. ఎర్రబడ్డ కళ్ళు, చేతిలో బ్యాగు. లోపల గుచ్చుకునే ముల్లు జాడ కూడా మాయమైంది; సంగతేంటో ఆమెకు ఎంతకీ అంతుపట్టలేదు.

"ఏందే, ఏడ్చినావా? ఎవురేమన్నారు నిన్ను? ఈ బ్యాగేంది, ఎక్కడికి ప్రయాణం?"

మహేంద్ర మెల్లగా వచ్చి ప్రియదర్శిని చేతిలోంచి బ్యాగు తీసుకుని లోపలికి వెళ్ళాడు.

"అట్ల నిలబడ్డావేంది? రా, ఇట్ల కూచో." చెంచమ్మ గల్లా వెనక కాస్త జరిగింది. "బెల్లానికి మార్కాపురం ఫోన్ కొట్టు. తమ్ముడు ఉత్త ఆటోతో పోగూడదు."