చలికాలం కుందేలు ఏం తింటుంది

మంచు మీద నడుస్తోంది సునంద, కాళ్లకు చెప్పులు లేవు, అయినా చలి తెలియడం లేదు. ఎటు చూసినా తెలుపే. కొంత దూరం పోయాక ఆ తెలుపు డబ్బింగ్ థియేటర్ గోడల మెత్తటి పరుపులా మారి, మళ్ళీ మంచవుతోంది. మధ్యలో ఒక పొట్టి పొద, దాని పక్కన గొంతుక్కూర్చుని మురహరి. జంతువుల డాక్యుమెంటరీలకు ఏళ్ల తరబడి తెలుగు గొంతు ఇచ్చిన తన భర్త పోయిన నెలలోనే చనిపోయాడని ఆమెకు కలలోనూ గుర్తుంది, గుర్తుండీ ఏమీ అనిపించడం లేదు.

"మెల్లగా రా, బెదురుతుంది," అంటాడతను. పెదాలు ముందు కదులుతున్నాయి, మాట కాస్త ఆగి వస్తోంది.

అతని మోకాలి దగ్గర తెల్ల కుందేలు. మంచులోంచి పైకి పొడుచుకొచ్చిన పుల్లను పట్టుకుని బెరడు ఒలుచుకు తింటోంది.

"ఇది తిని బతుకుతుందా అండీ?"

"గడ్డి మొలిచేదాకా ఇదే. బెరడు, మొగ్గలు, పుల్లలు. తను విసర్జించింది కూడా మళ్ళీ తింటుంది. నువ్వేం తిన్నావు?"

"అక్క ఏదో పెట్టింది. తిన్నాననుకుంటా."

అతను నవ్వడు. ఆమె కూడా పక్కన కూర్చుంటుంది, కూర్చున్నచోట మంచు స్టూడియో తివాచీలా మెత్తగా ఉంటుంది.

"మీరు సగంలో వదిలేసిన ఎపిసోడ్ ఇదేనండీ. స్టూడియోవాళ్లు నన్ను చెప్పమంటున్నారు. మొదటినుంచీ చెబితే మీ గొంతు తీసేస్తారట. మధ్యలోంచి ఎత్తుకుంటే..."

"ఎత్తుకుంటే?"

"మీరెక్కడ ఆగిపోయారో అందరికీ తెలిసిపోతుంది."

అతను కుందేలు వైపే చూస్తున్నాడు. అది పుల్లను వదిలేసి ఇంకేదో పీక్కుతింటోంది. సునంద వంగి చూస్తే అది చచ్చిపడి ఉన్న ఇంకో కుందేలు.

"అయ్యో, మాంసమా?"

"మరీ గడవకపోతే అదీ తింటుంది. తన జాతిదైనా సరే."

"ఎలా తినబుద్ధవుతుందండీ?"

"బుద్ధేముంది సునందా, ఎండ వచ్చేదాకా ఉండాలి కదా," అని లేచి నిలబడతాడు. "నేను వదిలిన ముక్క నుంచే ఎత్తుకో. తెలిస్తే తెలియనీ."

ఇంకొకటేదో అడగాలని ఆమె నోరు తెరుస్తుంది, అదేమిటో తట్టదు, అతను ఉన్నచోట పొద కూడా తెల్లబడిపోతుంది.

"మేడమ్! మేడమ్!"

కళ్ళు తెరిచింది. స్టూడియో వరండాలో సోఫా, మధ్యాహ్నపు ఎండ. నావల్ల కాదని చెప్పి వెళ్లిపోదామని వచ్చి, కూర్చున్నచోటే నిద్రపోయింది. సౌండ్ ఇంజనీరు రఫీ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"వద్దంటే వద్దనే చెప్పండి మేడమ్, ఏమీ అనుకోరు. చెప్తానంటే మాత్రం ఏ ముక్క నుంచి పెట్టమంటారు?"

"ఆయన ఆపిన చోటు నుంచే పెట్టు బాబూ," అంది సునంద.

అన్నాకే తెలిసింది, నిద్రలో నమిలిన చీర కొంగు అంచు నోటి మూల తడిసి ముద్దయి ఉందని. తీసేసింది. పళ్ల సందున ఇరుక్కున్న దారం ఒకటి మైకు ముందుకు వెళ్లాక కూడా నాలుకకు తగులుతూనే ఉంది.