నాభిపూల గుట్టకు తొవ్వ

నేను హనుమకొండలో ఒక డిగ్రీ కాలేజీలో బోటనీ చెబుతాను. ఇరవై రెండేళ్లుగా పువ్వుల గురించి మాట్లాడుతూనే ఉన్నాను. సుభాషిణికి నోరు మూసుకోవడం రాదని మా ఇంట్లో అంటారు. చాలా ఏళ్లు ఆ మాటను పొగడ్తగానే తీసుకున్నాను.

నిరుడు వానాకాలంలో ఒక గుట్ట మీదికి మొగిలమ్మ నన్ను తీసుకెళ్లింది. ఆమె పేరూ ఊరూ మార్చి చెబుతున్నాను. పాలంపేట అవతల అనుకోండి, అంతకంటే అడగొద్దు. నాట్లకూ కలుపులకూ కూలికి పోయే మనిషి, అరవై దాటాయి. గుట్ట వెనక పొదల్లో అడవినాభి తీగలు చూపించింది. ఎర్రటి రేకులు, పసుపు అంచులు, పొయ్యిలో మంటలా పైకి లేచి ఉన్నాయి. మందులకని దుంపలు తవ్వుకుపోయి మా వైపు ఆ తీగ కనిపించడమే మానేసింది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

మొగిలమ్మ తంగేడు కోసినా గునుగు కోసినా చెట్టుకు కొన్ని పూలు ఉంచి కోస్తుంది, గింజ రాలాలి గదా అని. నాభి జోలికైతే అసలే పోదు. గుట్ట దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకుంది.

"సదువుకున్నదానివని చూపెట్టిన. ఎవ్వలకు చెప్పకు బిడ్డా."

చెప్పనని మాటిచ్చాను.

చెప్పకపోతే జనానికి అవగాహన ఎట్లా వస్తుందని బస్సులో నాతో నేనే వాదన పెట్టుకున్నాను. హనుమకొండ చేరేలోపు గెలిచాను కూడా. వారం తిరక్కుండా కాలేజీ గేటుకు ఫ్లెక్సీ కట్టించాను. 'కనుమరుగవుతున్న అడవిపూలను కాపాడుకుందాం.' దాని కింద నాభి ఫొటో, ఊరి పేరు, బస్సు ఎక్కడ దిగాలో, ఏ బాట పట్టాలో అన్నీ వేయించాను. అన్నిటికన్నా కింద నా పేరు, నా ఫొటో. పువ్వు ఫొటో కంటే నాదే కొంచెం పెద్దది. అది ప్రింటింగు వాళ్ల పొరపాటని అందరితో చెప్పాను. కాదు, నేనే చెప్పి వేయించాను.

అంతటితో ఆగితే నేను సుభాషిణినెందుకవుతాను? బతుకమ్మ సెలవులకు ముందు కాలేజీలో పోటీ పెట్టించాను. అడవిపూలతో పేర్చిన బతుకమ్మకు మొదటి బహుమతి. పూల పేర్లన్నా పిల్లలకు తెలుస్తాయనుకున్నాను. మొగిలమ్మను పిలిపించి శాలువా కప్పాలని కూడా అనుకున్నాను.

పోటీనాడు ఆమె కొత్త చీర కట్టుకొని వచ్చి నా పక్క కుర్చీలో ముడుచుకొని కూర్చుంది. యమున అనే సెకండియర్ పిల్ల తాంబాళం మోసుకొచ్చి మా ముందు పెట్టింది. కింద గునుగు, దాని మీద తంగేడు, పైన మూడు వరుసల నాభి పూలు. హాలంతా చప్పట్లు కొట్టింది. మొగిలమ్మ ఆ పూలనే చూస్తూ కూర్చుంది.

అప్పుడు నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ తల కొట్టేసినట్టుంటుంది. చేతిలో మైకు ఉంది. అందరి ముందూ యమునను కడిగేశాను. కాపాడమంటే కోసుకొస్తావా, బుద్ధి ఉందా అన్నాను. పువ్వులు పోయాయని కాదు ఆ కోపం. మొగిలమ్మ వినాలని.

యమున ఏడవలేదు. ఫోనులో నా ఫ్లెక్సీ ఫొటో తీసి చూపించింది.

"మీరు రాసిన తొవ్వ పట్టుకునే పోయినం మేడం. తీగెలు గుంజితే దుంపలతోని వచ్చినయ్. మీకు నచ్చుతదనుకున్న."

కంచే చేను మేసిందంటారు. నేను మేయలేదు, మేసేవాళ్లకు దారి రాసిచ్చాను. మొగిలమ్మ మెల్లగా లేచి యమున తల నిమిరింది.

"ఈ పిల్లనేమనకు బిడ్డా. ఇది నాకేం మాటియ్యలే."

శాలువా కుర్చీ మీదే ఉండిపోయింది. కప్పే ముఖం నాకెక్కడిది?

ఆ సాయంత్రమే ఫ్లెక్సీ నా చేత్తో విప్పాను. ఫోన్లలోకి ఎక్కినదాన్ని ఎవరు విప్పుతారు? మర్నాడు క్లాసులో అందరి ముందే యమునకు క్షమాపణ చెప్పాను. అది తేలికే అయింది. మొగిలమ్మ ఇంటికి వెళ్లడానికి మాత్రం ఏడాది పట్టింది.

మొన్న వానలు పడ్డాక వెళ్లాను. ఆమె అప్పుడే గుట్ట దిగి వచ్చి పుల్లల మోపు దించుతోంది. మంచినీళ్లిచ్చి, ఇంట్లో అందరి మంచిచెడ్డలు అడిగింది. అడగకూడదనుకుంటూనే అడిగాను, తెగి మిగిలిన దుంప ఒక్కటన్నా మొలిచిందా అని.

"లేదు బిడ్డా. ఒక్కటి గూడ లేవలే" అంది, నా కళ్లలోకి చూసి.

ఆమె కొంగుకు ఒక ఆకు పట్టుకొని ఉంది. సన్నగా, పొడుగ్గా ఉంది, కొస చిన్న ఉంగరంలా చుట్టుకుంది. ఆకు కొసతో పట్టుకొని పైకి పాకడం నాభి తీగ పద్ధతి. ఏటా ఆ పాఠం చెప్పేదాన్ని, నాకు తెలియదా?

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ వెనకే సిగ్గు ముంచుకొచ్చింది. ఇన్నాళ్లూ దుంపలు తవ్వేవాళ్ల నుంచి దాచిన తీగను ఆమె ఇప్పుడు నా నుంచి దాస్తోంది. దాచాల్సిందే.

అయ్యో పాపం అన్నాను, నమ్మినట్టే. బస్సు వచ్చేదాకా వానల సంగతి, నాట్ల సంగతి మాట్లాడుకున్నాం. ఆకు ఆమె కొంగుకే ఉంది.