ముసలావిడ వాటా

నా పెళ్ళినాడు నేను చేసిన పని గురించి మా లోయలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆనకట్ట కాపలాదారు పెళ్ళి చేసుకుంటే చర్చి నుంచి నేరుగా గోడ మీదికి రావాలి. పెళ్ళికూతురు తన గ్లాసులోని వైన్ సగం గోడకి పోసి, మిగతా సగం తాను తాగాలి. ఆ గోడని ఇక్కడ ఎవరూ ఆనకట్ట అనరు, ముసలావిడ అంటారు. మా తాతల కాలంలో ఇటలీ నుంచి వచ్చిన తాపీవాళ్ళు నల్లరాయి మీద నల్లరాయి పేర్చి కట్టారు. కింద పట్టణాలన్నీ ఆవిడ పట్టి ఉంచిన నీళ్ళే తాగుతాయి. నేను గ్లాసు ఎత్తి మొత్తం తాగేశాను, ఒక్క చుక్క మిగల్చకుండా.

"ఓసి గెర్లిండా, ముసలావిడ వాటా కూడా మింగేశావే! ఇక నీ మొగుణ్ణి ఆవిడ మింగుతుంది చూడు," అన్నాడు సారాకొట్టు ఆల్ఫోన్స్.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ వయసులో నవ్వు ఊరికే వచ్చేది.

నిజంగానే మింగింది. మా ఆయన లొథార్ పొద్దున లేచి నా మొహం కన్నా ముందు ఆవిడ మొహం చూసేవాడు. క్రిస్మస్ అయినా, ఒళ్ళు కాలిపోతున్నా, రాళ్ళ మీద అరచెయ్యి ఆనించి ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి రావాల్సిందే. రాత్రి సూప్ ముందు కూర్చుంటే మళ్ళీ ఆవిడ కబుర్లే. ఎడమ బురుజు కింద చెమ్మ పెరిగిందా తగ్గిందా, ఏ సందులో ఫెర్న్ మొక్క మొలిచింది, గోడ పాదం దగ్గర ఊట తేటగా ఉందా. ఒకసారి కొత్త గౌను కుట్టించుకుని ఎదురుగా కూర్చున్నాను. "ఇవాళ ఎంత బాగుందో!" అన్నాడు. నేను చెవులదాకా ఎర్రబడ్డాను. "ఒక్క మచ్చ లేదు, పూర్తిగా ఆరిపోయింది," అన్నాడు ఆ తరవాత. ఆ గౌను మళ్ళీ వేసుకోలేదు నేను.

సవతి అంటే ఏమిటో మా వైపు ఆడవాళ్ళకి తెలియదు. నాకు తెలుసు.

చివరికి నా పొయ్యి ఊచని కూడా వదల్లేదు ఆవిడ. గోడ లోపల చేరే చెమ్మని బయటికి పంపడానికి అడుగున ఒక ఇనప గొట్టం ఉంది. రాళ్ళ మధ్య సున్నం కరిగి వచ్చి ఆ గొట్టం మూతిలో తెల్లగా గడ్డకడుతుంది. నీళ్ళ ఆఫీసు వాళ్ళిచ్చిన కడ్డీ లావు, అందులో దూరదు. నా ఊచ కొన సరిగ్గా దూరుతుంది. అందుకని ప్రతి వసంతంలో వంటింట్లో ఊచ మాయం.

"మళ్ళీ తీశావా? పొయ్యి ఎలా రాజేసుకోను, నా వేళ్ళతోనా?" అనేదాన్ని.

"రెండు పోట్లు పొడిచి తెచ్చేస్తాగా!" అనేవాడు.

సున్నం పూసుకుని వచ్చిన ఊచని నేనే తోమేదాన్ని. తోముతున్నంతసేపూ ఆవిణ్ణి తిట్టేదాన్ని.

సెలవు ఇవ్వలేదని కాదు. ఇచ్చేవారు, బదులు మనిషిని పంపుతామనేవారు. ఈయనే కదలడు. ముప్పై ఏళ్ళ కాపరంలో ఇద్దరం కలిసి ఒక్క రాత్రి కూడా బయట ఊళ్ళో పడుకోలేదు. అందుకే అతను రిటైరయిన మర్నాటికే నేను రైలు టికెట్లు కొనేశాను. ఉత్తర సముద్రంలో ఒక దీవి, కిటికీలోంచి నీళ్ళు కనిపించే గది, రెండు వారాలు. లొథార్ ఒక్కసారైనా నావాడవుతాడా లేదా అన్నది అక్కడ తేలిపోవాలి. ఈ వయసులో ఆ కోరిక ఏమిటని మా చెల్లెలు నవ్వింది. నవ్వుకోనీ.

కొత్త కాపలా ఎవరో వస్తారని చూస్తే, ఫ్రౌకె వచ్చింది. ముప్పై ఏళ్ళు కూడా నిండని పిల్ల, మోకాళ్ళదాకా బూట్లు, ఎండకి మాడిన ముక్కు. పని అప్పగించడానికి మా ఆయన ఆమెని గోడ వెంట తిప్పాడు. నేను వంటింటి కిటికీలోంచి బంగాళదుంపలు చెక్కుతూ చూస్తున్నాను. ఎడమ బురుజు దగ్గర ఆగి, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని రాయి మీద ఆనించాడు. ఇద్దరూ ఏదో వింటున్నట్టు నిలబడ్డారు. నా చెయ్యి ఎప్పుడైనా అలా పట్టుకుని చూపించాడా? పెళ్ళినాటి తరవాత నేను ఎప్పుడూ గోడ మీదికి రానన్నాను కాబట్టి చూపించలేదు, అది నిజమే. అయినా సరే.

వీడ్కోలు విందు సారాకొట్టులో పెట్టారు. తినడం అయ్యాక అందరూ గ్లాసులతో గోడ మీదికి నడిచారు. ఫ్రౌకె ఎవరూ చెప్పకుండానే తన గ్లాసులో సగం రాళ్ళ మీద పోసింది. చప్పట్లు మోగిపోయాయి.

"చూశావా గెర్లిండా, ఎలా పొయ్యాలో!" అని అరిచాడు ఆల్ఫోన్స్. అతనికి జుట్టు ఊడిపోయినా నోరు మాత్రం ఊడలేదు.

"నువ్వు మీ ఆవిడకి ఎప్పుడైనా సగం మిగిల్చావా తాగుబోతా?" అన్నాను. ఈసారి అందరూ అతన్ని చూసి నవ్వారు కానీ నా మంట చల్లారలేదు.

సముద్రం దగ్గర మొదటి రెండు రోజులు లొథార్ హాయిగా ఉన్నాడు. హెరింగ్ చేప పెట్టిన బన్నులు తిన్నాడు, ప్యాంటు మడిచి నీళ్ళలో నడిచాడు, ఇసకలో నిద్రపోయాడు. గోడ మాట ఎత్తలేదు. నాకు సంతోషంగా ఉండాలి కదా. లేదు, అనుమానం మొదలైంది. ముప్పై ఏళ్ళు వాగిన నోరు అంత సులువుగా మూతపడుతుందా?

మూడో రోజు మధ్యాహ్నం పేపరు కొనుక్కొస్తానని బయల్దేరాడు. వెనకే వెళ్ళాను. పేపరు కొట్టు దాటి పోస్టాఫీసు పక్కన టెలిఫోన్ డబ్బాలో దూరాడు. తలుపు సందులోంచి మాట వినిపించింది.

"ఏడవకు. నేను వస్తున్నాను. రేపు మొదటి పడవకే బయల్దేరతాను."

నేను తలుపు లాగాను. "ఎవర్తె ఏడుస్తోంది? ఆ పిల్లా, ముసలిదా?"

"గెర్లిండా, అరవకు. ఎడమ బురుజు కింద చెమ్మ మన భోజనాల బల్లంత అయిందట. ఆఫీసుకి తెలిస్తే గోడ వెనక చెరువు దించేస్తారు. ఎండాకాలం ముందు నీళ్ళు దించితే కింద పట్టణాల వాళ్ళు ఏం తాగుతారు?"

"తడిస్తే తడవనీ! నేను ముప్పై ఏళ్ళు ఏడిస్తే ఏ పడవ ఎక్కి వచ్చావు?"

నేను రిసీవర్ లాక్కున్నాను. ఆ పిల్లని నాలుగు దులుపుదామని నోరు తెరిచాను.

"గెర్లిండాగారూ, మీ సెలవు పాడుచేస్తున్నాను, తెలుసు," అంది ఫ్రౌకె ముక్కు చీదుతూ. "లొథార్‌గారు చెప్పినవన్నీ చూశాను. వాన కూడా లేదు. అడుగున గొట్టంలోంచి ఊట బాగా రావాలి కదా, బొట్టు బొట్టుగా వస్తోంది. ఎందుకో తెలియడం లేదు."

తిట్టు నా నాలుక మీదే ఉండిపోయింది. బొట్టు బొట్టుగా! మా వంటింటి గోడకి వేలాడే ఊచ కళ్ళముందు కనిపించింది. ఈ వసంతంలో అది ఒక్కసారి కూడా మాయం కాలేదు. విందులూ కాగితాలూ అప్పగింతలూ, ఆ సందడిలో ఈ పెద్దమనిషి ఊచ తియ్యడమే మర్చిపోయాడు. ఎక్కడా రాయలేదు కాబట్టి ఆ పిల్లకీ తెలియదు. నేను నోరు మూసుకుంటే రేపు మొదటి పడవ. నోరు విప్పితే లొథార్ ఇక్కడే ఉంటాడు, కానీ ముసలిదాన్ని నా చేత్తో నేనే కాపాడినట్టవుతుంది.

"మా ఇంటి తాళం నీ దగ్గర ఉందిగా?" అన్నాను. "వంటింట్లో పొయ్యి పక్కన ఊచ వేలాడుతుంటుంది. తీసుకెళ్ళి గొట్టంలో పొడువు. మెల్లగా కాదు, కోపం వచ్చినట్టు పొడువు. సున్నం పెచ్చు ఊడుతుంది. పక్కకి నిలబడు, లేకపోతే తడిసిపోతావు."

లొథార్ నుదురు కొట్టుకున్నాడు. "ఊచ! నేనెలా మర్చిపోయాను? గెర్లిండా, ఇవన్నీ నీకెలా తెలుసు?"

"రోజూ సూప్‌లో కలిపి తాగించావుగా. సవతి సంగతి నాకు తెలియక ఎవరికి తెలుస్తుంది?"

మర్నాడు పొద్దున మేము దిగిన ఇంటికే ఫోన్ వచ్చింది. గొట్టంలోంచి నీళ్ళు భళ్ళున చిమ్మాయట, పిల్ల పక్కకి తప్పుకోలేదట, నడుందాకా తడిసిందట. లొథార్ ఫోన్ పెట్టేసి నన్ను చూశాడు. చాలాసేపు చూశాడు. ముప్పై ఏళ్ళూ గోడని చూసిన చూపు అది. అది నామీద పడితే ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. దీవిలో ఉన్న మిగతా రోజులన్నీ అతను నావాడే. రాత్రి పక్క మీద పడుకుని, "చెమ్మ ఆరి ఉంటుందంటావా?" అని అడిగింది మాత్రం నేనే.

"వదిలెయ్యవే, పడుకో," అని అటు తిరిగి గురక పెట్టాడు.

ఇల్లు చేరిన సాయంత్రం అతను నడుం వాల్చాడు. నేను బీరువాలోంచి పెళ్ళినాటి గ్లాసు తీసి, నిండా వైన్ పోసుకుని, ఎవరూ చూడకుండా గోడ మీదికి వెళ్ళాను. రాయి ఇంకా ఎండ వేడితో ఉంది. చెయ్యి ఆనించి నిలబడ్డాను. సగం పోశాను. నల్లరాయి దాన్ని ఇట్టే తాగేసింది.

మిగతా సగం తాగబోతుంటే బూట్ల చప్పుడు వినిపించింది. అటు చివర నుంచి ఫ్రౌకె వస్తోంది. నడుముకి నా ఊచ దోపుకుంది. రాళ్ళ మీద అరచెయ్యి ఆనించి, మెల్లగా రాసుకుంటూ, సొంత మనిషిని నిమిరినట్టు నిమురుతూ వస్తోంది.

"గెర్లిండాగారూ! ఎడమ బురుజు కింద పూర్తిగా ఆరిపోయింది. రండి, చూపిస్తాను!"

చూపిస్తుందట. నాకు చూపిస్తుందట! ఒళ్ళంతా భగ్గుమంది.

"నాకు తెలుసులే," అన్నాను. "ముందు ఆవిడ మీంచి ఆ చెయ్యి తియ్యి."